చిన్న వయసు జిర్కాన్ దొరికితే సముద్రం అప్పుడే మూసుకుందని రాయొచ్చా?

ప్రశ్న: నమస్కారం సార్. ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. దక్షిణ టిబెట్‌లో సాగా దగ్గరి సాంగ్‌డాన్‌లిన్ ఇసుకరాళ్ల జిర్కాన్ (లోపలి యురేనియం ఎంత సీసంగా మారిందో చూసి వయసు కట్టే ఖనిజం) డేటాతో ప్రాజెక్టు చేస్తున్నాను. అన్నిటికంటే తక్కువ వయసున్న రేణువును పట్టుకుని భారత్, ఆసియాల మధ్య ఒకప్పుడున్న నియోటెథిస్ సముద్రం మూసుకున్న కాలం చెప్పేయొచ్చా?

జవాబు: అలా రాయొద్దమ్మా. ఆ వయసు జిర్కాన్ మాగ్మాలో స్ఫటికంగా ఏర్పడిన కాలానిది. ఇసుక అంతకు ముందు పేరుకునే వీల్లేదు, అంతవరకే ఖాయం. పైగా ఒక్క రేణువును నమ్ముకుంటే, అందులోంచి సీసం కొంత పోయి ఉంటే వయసు తక్కువ చూపిస్తుంది. పొరపాటు పరిధిలో వయసులు కలిసే మూడు రేణువులైనా ఉండాలి.

నువ్వు చూడాల్సింది ఇసుక ఎటు నుంచి వచ్చిందన్నది. అక్కడ కింది పొరలు క్వార్ట్జ్ ఇసుకరాయి. దాదాపు 500, 800-1000, 2500 మిలియన్ ఏళ్ల రేణువులుంటాయి, అంటే భారత ఖండానివి. పైకి పోతే ఫెల్డ్‌స్పార్, అగ్నిపర్వత శిలల ముక్కలు, వాటితో క్రెటేషియస్, పేలియోసీన్ (సుమారు 145 నుంచి 56 మిలియన్ ఏళ్ల నాటి) జిర్కాన్లు గుంపుగా వస్తాయి. అవి ల్హాసా వైపు, అంటే అప్పటి ఆసియా అంచున ఉన్న గాంగ్డీస్ ఆర్క్‌వి (ఆర్క్ అంటే అగ్నిపర్వతాల వరుస). సముద్రపు పలక ఆసియా కిందికి దిగుతున్నప్పుడు పుట్టిన మాగ్మా అది. భారత అంచు మీద ఆసియా ఇసుక పడిందంటే మధ్యలో సముద్రం ఇక అడ్డు లేనట్టే. ఆ మార్పు సుమారు 60 మిలియన్ ఏళ్ల నాటిది. కొంత మందం వరకు రెండు ఇసుకలూ మార్చి మార్చి వస్తాయి, అక్కడి శాంపిళ్ల వయసుల గ్రాఫ్‌లు విడివిడిగా గీయి. అన్నీ కలిపేస్తే ఈ సంగతే కనిపించదు.

ప్రశ్న: భారత వైపు కూడా క్రెటేషియస్ అగ్నిపర్వతాలు ఉన్నాయి కదా సార్, తేడా ఎలా పట్టాలి?

జవాబు: మంచి ప్రశ్న. వయసు ఒక్కటే చాలదు. అదే రేణువుల్లో హాఫ్నియం ఐసోటోపులు చూడాలి. గాంగ్డీస్ జిర్కాన్లలో ఎప్సిలాన్ హాఫ్నియం (ఆ ఐసోటోపుల నిష్పత్తిని చూపే అంకె) ఎక్కువగా పాజిటివ్, ఎందుకంటే ఆ మాగ్మాలో మాంటిల్ (భూమి పైపొర కింది భాగం) వాటా పెద్దది. ఉత్తర ల్హాసా గ్రానైట్లలో నెగెటివ్ కూడా వస్తుంది, కాబట్టి నెగెటివ్ కనబడగానే భారత్‌దని తేల్చొద్దు.

మరో సభ్యురాలు: ఒక మాట కలుపుతాను. 5 శాతం వాటా ఉన్న ఏ గుంపూ తప్పిపోకూడదంటే 95 శాతం నమ్మకానికి 117 రేణువులు కొలవాలి. 40 రేణువులతో "ఆ కాలంలో మాగ్మా లేదు" అనడం సాహసం. బసాల్ట్‌లో జిర్కాన్ ఎలాగూ అరుదు, ఎంత లావా పారినా ఇసుకలో దాని జాడ పెద్దగా ఉండదు.