చరస్, హషీష్ వేరువేరా? వార్త రాస్తూ ఇరుక్కుపోయాను

సోంపేట విలేకరి:
ఇచ్ఛాపురం దాటి వచ్చే బండ్లలో గంజాయి దొరికితే కళ్ళు మూసుకుని వార్త రాసేస్తాను, అది మనకు కొత్త కాదు కదా. మొన్న ఉత్తరాది వార్త ఒకటి తెలుగు చేయమంటే "చరస్, హషీష్, హషీష్ ఆయిల్ స్వాధీనం" అని పంపాను. డెస్క్ అన్న ఫోన్ చేసి "మొదటి రెండూ వేరువేరు సరుకులా ఏటి?" అన్నాడు, నోరు పెగల్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కోర్టు పక్షి, విజయనగరం:
రెండూ ఒకటే తమ్ముడూ. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుమందుల చట్టంలో, గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు, చరస్ అంటే ఆ మొక్క నుంచి వేరు చేసిన బంక. హషీష్ ఆయిల్‌ని కూడా చరస్‌లోనే కలిపారు. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ళు, చరస్ అయితే ఒక్క కిలో దాటితే చాలు. పేరు మారిస్తే కేసే మారిపోతుంది, చూసి రాయి.

పలాస పిక్క:
ఆర్మీలో ఉండగా హిమాచల్‌లో చేశాను. అక్కడ ఒక ముసలాయన అరచేతులు చూసి మా అమ్మ గుర్తొచ్చింది, జీడిపిక్కలు కొట్టి కొట్టి ఆవిడ చేతులు కూడా అలాగే నల్లగా ఉండేవి, ఎంత తోమినా పోయేవి కావు. ఆయనది జీడి కాదు, చరస్. హిమాలయాల్లో, నేపాల్‌లో పచ్చి మొక్క పూతను చేతులతో నలుపుతారు, అరచేతికి అంటిన బంకను గీకి ఉండ చేస్తారు, అందుకే అది నల్లగా, మెత్తగా ఉంటుంది. అఫ్గానిస్తాన్, లెబనాన్, మొరాకోల్లో పద్ధతి వేరు, మొక్కను ఎండబెట్టి, దులిపి, జల్లెడ పడతారు, వచ్చిన పొడిని అదిమి దిమ్మ చేస్తారు. లెబనాన్ బెకా లోయ సరుకులో ఎర్రది, పసుపుది అని రెండు రకాలు. అన్నిటిలోనూ ఉన్నది ఆడమొక్క పూత మీది సన్నటి నూగులో ఊరే బంకే. హషీష్ అంటే అరబ్బీలో ఎండుగడ్డి, అంతే! ఒకప్పుడు ఇప్పటి చైనాలో ఉన్న యార్కండ్ నుంచి లేహ్ మీదుగా చరస్ మూటలు పంజాబుకి వచ్చేవి, బ్రిటిష్ వాళ్ళు దాని మీద పన్ను కూడా వసూలు చేసేవారు.

ఉద్దానం మాస్టారు:
ఇదంతా కుర్రాళ్ళు కూడా చదువుతారు బాబూ, కాస్త చూసుకోండి.

పలాస పిక్క:
చదవనీయండి మాస్టారూ. ఆ ముసలాయన చేతులు చూస్తే ఎవరికీ సరదా పుట్టదు.

సోంపేట విలేకరి:
సవరించి పంపాను. ఇప్పుడు డెస్క్ అన్న "ఆయిల్‌ని కిలోల్లో రాశావేటి, లీటర్లు కదా" అంటున్నాడు.

కోర్టు పక్షి, విజయనగరం:
కిలోలే. కేసులో తూకమే లెక్క, కొలత కాదు. ఈసారి ఫోన్ చేస్తే నాకివ్వు.