వైజాగ్, 2021 కోవిడ్ సెకండ్ వేవ్: నాన్నకి ఆక్సిజన్ పెట్టారు, రెమ్‌డెసివిర్ బ్లాక్‌లో కొనాలా? స్టెరాయిడ్ ఆపించాలా?

గాజువాక కుర్రోడు:
అందరికీ నమస్కారం. మా నాన్నకి 61, షుగర్ ఉంది, కోవిడ్ వచ్చింది. వారం పాటు జ్వరం, దగ్గు, ఒళ్ళు నొప్పులు, అంతే, తర్వాత ఒకరోజు బాత్రూంకి వెళ్ళొచ్చేసరికి ఒంట్లో ఆక్సిజన్ 86 శాతానికి పడిపోయింది, ఆయనకేమో ఆయాసంగా కూడా అనిపించట్లేదట, మామూలుగానే మాట్లాడేస్తున్నారు. ఇప్పుడు బెడ్ దొరికింది, మాస్క్‌తో నిమిషానికి 10 లీటర్ల ఆక్సిజన్ పెడితే 93 ఉంటోంది. డెక్సా (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) ఇస్తున్నారు, పొట్ట మీద రక్తం పల్చబడే ఇంజెక్షన్ ఇస్తున్నారు. మా బావేమో రెమ్‌డెసివిర్ (వైరస్ మీద పనిచేసే ఇంజెక్షన్) బ్లాక్‌లో ఉంది, అమ్మ గొలుసు తాకట్టు పెట్టైనా కొనేద్దాం అంటాడు, పిన్నేమో షుగర్ ఉన్నోళ్ళకి స్టెరాయిడ్ విషం, ఆపించెయ్ అంటోంది. ఏటి చెయ్యాలో తెలీట్లేదు, తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్

పీజీ డాక్టర్, చెస్ట్:
బ్రదర్, గొలుసు తాకట్టు పెట్టకండి. స్టెరాయిడ్ అస్సలు ఆపించకండి. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే కోవిడ్ మందుల ట్రయల్ రిజల్ట్ వచ్చింది, రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సా 10 రోజుల వరకు ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో చావులు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీదున్నవాళ్ళలో ఐదో వంతు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి మాత్రం లాభమేమీ లేదు, అందుకే జ్వరం రాగానే ఇంట్లో సొంతంగా మింగొద్దని మొత్తుకుంటున్నాం. మీ నాన్నగారికి సరైన టైంలోనే పడుతోంది.
వారం దాటాక ఆక్సిజన్ పడిపోవడం ఈ జబ్బు లక్షణమే. వూహాన్‌లో మొదటి 41 మంది పేషెంట్ల రిపోర్ట్‌లో కూడా ఆయాసం మొదలైంది సుమారు 8వ రోజుకే. అప్పటికి వైరస్ కంటే మన ఒంట్లో రేగిన వాపే ఊపిరితిత్తుల్ని ఎక్కువ దెబ్బతీస్తుంది, స్టెరాయిడ్ పనిచేసేది దాని మీద. రెమ్‌డెసివిర్ కొందరిలో కోలుకునే రోజులు తగ్గించింది గానీ డబ్ల్యూహెచ్‌ఓ పెద్ద ట్రయల్ 2020లో ఇచ్చిన మధ్యంతర ఫలితాల్లో చావుల్ని తగ్గించినట్టు కనపడలేదు. వార్డులో ఉంటే వాళ్ళే ఇస్తారు, బయట బ్లాక్‌లో దొరికే సీసాలో నిజంగా ఏముందో ఎవడికీ తెలీదు

మధురవాడ:
మా అమ్మకీ ఇలాగే అయింది, మేం ప్లాస్మా (కోవిడ్ తగ్గినవాళ్ళ రక్తంలోంచి తీసి ఎక్కించేది) డోనర్ కోసం ఊరంతా ఫోన్లు చేశాం. 2021 మేలో దాన్ని మన దేశ కోవిడ్ గైడ్‌లైన్స్ లోంచే తీసేశారు. మన స్టీల్ ప్లాంట్ ఆక్సిజన్ రైలెక్కి మహారాష్ట్ర దాకా వెళ్ళిందండీ, ఆ గాలే అసలు మందు, మీవాళ్ళకి అది అందుతోంది కదా, ధైర్యంగా ఉండండి

వార్డ్ సిస్టర్:
తమ్ముడూ, నాన్నగారు బోర్లా పడుకుంటున్నారా? ఛాతీ కింద, నడుం కింద దిండు పెట్టి, మాస్క్ తియ్యకుండా, ఓపిక ఉన్నంతసేపు బోర్లా, తర్వాత ఓ పక్కకి, మళ్ళీ రెండో పక్కకి. 93 కాస్తా 96 అవ్వడం రోజూ చూస్తున్నాను. మాస్క్ తీసేసి అన్నం తినేస్తుంటారు చాలామంది, అక్కడే ఆక్సిజన్ టక్కున పడిపోతుంది, కొంచెం కొంచెం తినిపించమని చెప్పండి. ఇంకోటి, షుగర్ ఎన్నిసార్లు చూస్తున్నారో అడుగు. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది, దానికి ఇన్సులిన్ ఇస్తారు, స్టెరాయిడ్ ఆపరు

గాజువాక కుర్రోడు:
చాలా థాంక్స్ అండీ. ఫోన్ చేశాను, షుగర్ 280 ఉందట, ఇన్సులిన్ మొదలెట్టారు. బోర్లా పడుకోబెట్టమని చెప్పాను, పొట్ట వల్ల కష్టంగా ఉందట కానీ పక్కకి తిరిగి పడుకుంటున్నారు. బావకి డాక్టర్ గారు రాసింది చదివి వినిపించాను, గొలుసు మాట ఇంక ఎత్తలేదు. డిశ్చార్జ్ చేశాక ఏం చూసుకోవాలి?

వార్డ్ సిస్టర్:
పక్కకైనా పర్లేదు. ఇంటికొచ్చాక కూడా షుగర్ రోజూ చూడండి. ముఖం ఒకవైపే నొప్పి, కంటి వాపు, ముక్కులోంచి నల్లగా లేదా రక్తం రావడం, పళ్ళు కదలడం, వీటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగకుండా ఈఎన్‌టీకి తీసుకెళ్ళిపోండి, అది బ్లాక్ ఫంగస్ (ముక్కు, కన్ను వైపు పాకే ప్రమాదకరమైన బూజు జబ్బు) కావచ్చు. స్టెరాయిడ్ ఎన్ని రోజులు రాశారో అన్నే, ఒక్క రోజు కూడా ఎక్కువ వెయ్యద్దు