కామా దగ్గర విడగొడితే చాలదా?

పర్లాకిమిడి (ప్రశ్న):
మా మిల్లు బిల్లుల పట్టీని ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే టెక్స్ట్ ఫైలుగా) దించి, పీహెచ్‌పీ ప్రోగ్రాంలో అర్రేల అర్రేగా (వరుసల పట్టీగా, ఒక్కో వరుస మళ్లీ గడుల పట్టీగా) పెట్టుకుంటున్నా. లైనుకో ఎక్స్‌ప్లోడ్ (కామా దగ్గర ముక్కలు చేసే ఫంక్షన్) కొడితే పనైపోతుంది కదా? మా అన్నయ్య సీఎస్‌వీ చదవడానికే ఉన్న ఎఫ్‌గెట్‌సీఎస్‌వీ ఫంక్షన్ వాడమని పోరుతున్నాడు.

గుణుపురం:
అన్నయ్య మాట విను తమ్ముడూ. ఈ లైను చూడు:

114,"మెయిన్ రోడ్, గుణుపురం","1,25,000"

ఉన్నవి మూడు గడులు. ఎక్స్‌ప్లోడ్ చేస్తే ఆరొస్తాయి. మన లక్షకు రెండు కామాలు మరి! కోట్స్ లోపలి కామాను వదిలేయాలని ఎక్స్‌ప్లోడ్‌కు తెలీదు.

బరంపురం:
ఇదంతా కామాతో వచ్చిన తంటా. ట్యాబ్‌తో దించండి. అడ్రసులో ట్యాబ్ ఎవరు కొడతారండీ? నేను ఏళ్లుగా అలాగే లాగిస్తున్నా, ఎక్స్‌ప్లోడ్ ఒక్కటే.

గుణుపురం:
మీ ఫైళ్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయేమో. మా దగ్గర పేర్లు సగం ఒడియాలో, సగం తెలుగులో. ఎక్సెల్‌లో ట్యాబ్ డీలిమిటెడ్ అని సేవ్ చేస్తే పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. యూనికోడ్ టెక్స్ట్ అని దించితే యూటీఎఫ్-16 అనే వేరే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) వస్తుంది, దాన్ని మళ్లీ మార్చుకోవాలి. పైగా కామా ఉన్న గడికి ట్యాబ్ ఫైల్లోనూ ఎక్సెల్ కోట్స్ తగిలిస్తుంది.

సిరొంచ:
గడిలో ఆల్ట్ నొక్కి ఎంటర్ కొట్టేవాళ్లను మర్చిపోయారు. మా రైతుల పట్టీలో ఊరి పేరు అలా రెండో వరుసలో ఉండేది. లైను లైనుగా చదివితే ఒక రైతు ఇద్దరయ్యాడు. ఎఫ్‌గెట్‌సీఎస్‌వీ ఆ కోట్స్ మూసేదాకా ఆగుతుంది. సీఎస్‌వీ ఎలా ఉండాలో చెబుతూ 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 పత్రంలోనూ కోట్స్ మధ్య కొత్త లైను చెల్లుతుందనే ఉంది.

బరంపురం:
సరే, కొత్త లైను సంగతి ఒప్పుకుంటా. కానీ ఎఫ్‌గెట్‌సీఎస్‌వీ పెట్టేసి నిద్రపోతే కుదరదు.

పర్లాకిమిడి:
నిజమేనండీ, రాత్రి అదే టెన్షన్. గడులు సరిగ్గానే వచ్చాయి. మొదటి గడి తలకట్టు (హెడర్) "బిల్లు", ఆ పేరుతో అడిగితే మాత్రం అలాంటిదేమీ లేదంటోంది. మొత్తం కూడితే నూటపదహార్లు కూడా దాటలేదు!

సిరొంచ:
తలకట్టు ముందు కంటికి కనబడని మూడు బైట్లున్నాయి. ఎక్సెల్ యూటీఎఫ్-8 సీఎస్‌వీ మొదట్లో ఎన్‌కోడింగ్ గుర్తుగా పెట్టే బీఓఎం అది. ముందు దాన్ని తీసేయ్. ఇక "1,25,000"ని ఇంట్‌గా (పూర్ణాంకంగా) మారిస్తే పీహెచ్‌పీ మొదటి కామా దగ్గరే ఆగి 1 ఇస్తుంది. కూడే ముందు కామాలన్నీ తీసెయ్.

బరంపురం:
చూశారా, చివరికి కామాలు ఏరుకోవడమే పని. నా ట్యాబ్ నాకుంది.