90వ కీర్తన ఓదార్పా, నిలదీతా?

ధూళిపాఠకుడు:
తెలుగు క్రైస్తవ సంఘాల్లో సమాధి కార్యక్రమం అనగానే బైబిల్లోని 90వ కీర్తన తీయడం మామూలే. ఇంగ్లండు సంఘం వాళ్ల 1662 నాటి ప్రార్థనా గ్రంథంలోనూ ఆ సమయానికి పెట్టింది 39, 90 కీర్తనలే. ప్రసంగం మాత్రం నేను ఎక్కడ విన్నా ఒకటే: దేవుడు యుగయుగాలు ఉండేవాడు, మనం పొద్దున మొలిచి సాయంత్రానికి వాడిపోయే గడ్డి, కాబట్టి ధైర్యంగా ఉండండి. ఆ "కాబట్టి" ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు అంతుపట్టదు. 2వ వచనంలో పర్వతాలు పుట్టకముందే నువ్వు దేవుడివి అంటాడు, ఊపిరి తిప్పుకోకుండా 3లో మనుషుల్ని మట్టి చేసేది నువ్వే అంటాడు, 7లో నీ కోపానికి మేం అయిపోతున్నాం అని, 13లో ఇంకెంతకాలం, ఇటు తిరుగు అని. ఓదార్చేవాడి మాటలా ఇవి? నేననేది ఏంటంటే, ఈ కవులు దేవుని నిత్యత్వాన్ని ఎత్తేది మనకు ధైర్యం చెప్పడానికి కాదు, ఆయన్ని ఇరకాటంలో పెట్టడానికి.

సండేస్కూల్_టీచర్:
మొదటి వచనం దాటేశారేంటండీ? తరతరాల నుంచి మాకు నివాసస్థలం నువ్వే అంటున్నాడు. నిలదీసేవాడు ఇలా మొదలుపెడతాడా? 103వ కీర్తన కూడా చూడండి. అక్కడా మనిషి గడ్డే, గాలి వీస్తే పువ్వు రాలిపోతుంది, అది ఉన్న చోటు కూడా దాన్ని మర్చిపోతుంది. కానీ మనం మట్టి అని దేవుడికి గుర్తుందట, తండ్రి పిల్లల మీద జాలిపడ్డట్టు జాలిపడతాడట. యెషయా 40లో గడ్డి ఎండిపోతుంది అన్న మాట బబులోను చెరలో ఉన్నవాళ్ల కోసం. సర్వశరీరులూ గడ్డే అంటే వాళ్లను చెరపట్టినవాళ్లు కూడా గడ్డే కదా. అది ఓదార్పు కాకపోతే ఇంకేంటి?

ధూళిపాఠకుడు:
యెషయా గురించి నాకు పేచీ లేదు, అక్కడ మాట్లాడేది దేవుడి తరఫు మనిషి. కీర్తనల్లో మాట్లాడేది చచ్చిపోబోయేవాడు, అదీ తేడా. మొదటి వచనం సంగతంటారా, "మా తాతల నాటి నుంచి మీ ఇంట్లోనే ఉంటున్నామండీ" అని మొదలుపెట్టిన అద్దెమనిషి తర్వాత ఏం అడగబోతున్నాడో ఇల్లు అద్దెకిచ్చిన ఎవరికైనా తెలుసు. ఇది నా కల్పన కాదు, 39వ కీర్తన చివర్లో అచ్చం అలాగే ఉంది: మా పితరులందరిలాగే నేనూ నీ దగ్గర పరదేశిని, నా మీద నుంచి నీ చూపు తిప్పుకో, నేను పోయేలోపు కాస్త తెప్పరిల్లుతాను. దేవుడు దగ్గరుండటమే బరువైపోయింది ఆ కవికి. యోబు 7లో ఇంకా ఘాటుగా, కనీసం ఉమ్మి మింగేంతసేపైనా నన్ను వదలవా అంటాడు.

అసలు 102 చదవండి. పైనే రాసుంది, బాధలో ఉన్నవాడు యెహోవా ముందు మొర కుమ్మరించేటప్పటి ప్రార్థన అని. ఎముకలు కాలిపోతున్నాయి, నిద్ర లేదు, ఇంటి కప్పు మీద ఒంటరి పిచ్చుకలా ఉన్నాడు, అన్నానికి బదులు బూడిద తింటున్నాడు, తాగేదాంట్లో కన్నీళ్లు కలుస్తున్నాయి. 24వ వచనానికి వచ్చేసరికి రెండు మాటలు పక్కపక్కనే పెడతాడు: నా రోజుల మధ్యలో నన్ను తీసుకుపోకు, నీ సంవత్సరాలు తరతరాలుంటాయి. అంటే నీకు లెక్కలేనన్ని ఏళ్లున్నాయి, నేను అడుగుతున్నది నా మిగతా సగమే కదా అని. ఆకాశం కూడా బట్టలా పాతబడితే మార్చేస్తావు, నువ్వు మాత్రం అలాగే ఉంటావు అన్న గొప్ప వచనాలు ఆ అడిగిన దాని వెనకే వస్తాయి, అవి విడిగా చేసిన స్తోత్రం కాదు.

కొత్తమెంబరు:
బ్రదర్స్, ఇంత టెన్షన్ ఎందుకు? పునరుత్థానం ఉంది కదా. పోయినా లేస్తాం. కవికి ఆ మాత్రం తెలీదా?

ఉగారిత్_పిచ్చి:
మీకు తెలిసినంత స్పష్టంగా ఆ కవులకు తెలిసినట్టు లేదు. చచ్చినవాళ్లు లేచి మళ్లీ జీవిస్తారని సూటిగా చెప్పేది దానియేలు 12, దాన్ని ఎక్కువమంది పండితులు క్రీ.పూ. 2వ శతాబ్దంలో పెడతారు. కీర్తనల్లో షియోల్ అంటే అందరూ దిగిపోయే చీకటి చోటు. 30:9లో కవైతే బేరమే ఆడతాడు, నేను గోతిలోకి దిగితే నీకేం లాభం, మన్ను నిన్ను స్తుతిస్తుందా అని. 88 అయితే చీకట్లోనే ఆగిపోతుంది.

ఇంకోటి. నిత్యుడైన దేవుడు అనేది మనకు పాత మాట, ఆ చుట్టుపక్కల మాత్రం అదొక సవాలు. సిరియా తీరంలో రాస్ షమ్రా దగ్గర 1929లో దొరికిన ఉగారిత్ ఊరి మట్టి పలకల్లో బాల్ అనే దేవుణ్ని మృత్యువు మింగేస్తుంది, తర్వాత మళ్లీ తిరిగొస్తాడు. 82వ కీర్తనలో మిగతా దేవుళ్లకు పడ్డ శిక్షేంటో చూడండి: మీరు మనుషుల్లా చస్తారు. గిల్గమేష్ అనే రాజు గురించిన ప్రాచీన కథ ఉంది, దాని పాత బాబిలోనియా పాఠంలో సారాకొట్టు నడిపే సిదూరి, దేవుళ్లు చావు మనకిచ్చి బతుకు వాళ్ల దగ్గర ఉంచుకున్నారు, కాబట్టి తిను, తాగు, పిల్లాడి చెయ్యి పట్టుకో అంటుంది. హెబ్రీ కవికీ అదే సంగతి తెలుసు, కానీ అలా సరిపెట్టుకోడు, తిరిగి ఆ దేవుడి దగ్గరికే పోయి గొడవపడతాడు.

సండేస్కూల్_టీచర్:
కీర్తనల్లోనే 49:15, 73:24 మర్చిపోకండి. దేవుడు నన్ను షియోల్ నుంచి విడిపించి చేర్చుకుంటాడు అన్న ఆశ అక్కడ ఉంది. అది అకాల మరణం తప్పించడమేనని కొందరు పండితులంటారు, నాకైతే ఆ మాటలకు అది చాలదు. సరే, 90 పైన "దేవుని మనిషి మోషే ప్రార్థన" అని ఉందిగా, దానికేమంటారు? నిలదీతకు మోషే పేరెందుకు?

ధూళిపాఠకుడు:
ద్వితీయోపదేశకాండం 34 ప్రకారం మోషే 120 ఏళ్లు బతికాడు, ఈ పాటేమో మనిషికి 70, బలముంటే 80 అంటోంది, అది పక్కన పెడదాం. ఆ పేరు నా వైపే పడుతుందండీ. నిర్గమకాండం 32లో జనం బంగారు దూడను పూజించాక, కోపం చాలించు, మనసు మార్చుకో అని దేవుడితో వాదించింది మోషేనే. 90:13 అడిగేదీ అదే. పైగా 12లో మా రోజులు లెక్కపెట్టుకోవడం నేర్పు అన్నవాడు 15కి వచ్చేసరికి ఆ లెక్క దేవుడి ముందే పెడతాడు: మమ్మల్ని ఎన్ని రోజులు బాధపెట్టావో అన్ని రోజులు సంతోషపెట్టు.

సండేస్కూల్_టీచర్:
మరి ఆ మోషే అడిగితే దేవుడు మనసు మార్చుకున్నాడని 32:14 చెబుతుంది కదా. ఇక్కడా జవాబుంది. పేజీ తిప్పండి, 91వ కీర్తన ఆఖరి వచనంలో దీర్ఘాయువుతో తృప్తిపరుస్తాను అని దేవుడే అంటాడు. 90:14లో తృప్తిపరచు అని అడిగినదానికే అది.

ధూళిపాఠకుడు:
ఆ రెంటినీ పక్కపక్కన కూర్చినవాళ్లు అలాగే అనుకుని ఉండొచ్చు, కాదనను. కానీ 90లో ఉన్న 17 వచనాల్లో ఆ మొరకు దేవుడి నుంచి ఒక్క జవాబు కూడా రాదు.