గంజాయి కేసులో జైలుకు బదులు చికిత్స: 64ఎ ఎప్పుడు పనిచేస్తుంది, ఖర్చు ఎవరిది? (చర్చ)

గుంటూరు_మావయ్య: 20 ఏళ్ల కుర్రాడి మీద ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) కేసు. 180 గ్రాముల గంజాయి, అలవాటు ఉన్నమాట నిజం. ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పిస్తే కేసు పోతుందంటున్నారు. నిజమేనా? సర్కారు ఖర్చుతో వైద్యం దొరుకుతుందా?

కోర్టుహాలు_3: ముందు ఎఫ్‌ఐఆర్‌లో 20(బి) తర్వాత చివరి అక్షరం చూడండి. (ఎ) అంటే కిలో లోపు. (బి) అయితే అంతకు పైన, (సి) అయితే 20 కిలోలకు పైన. చికిత్సకు చేరినవాళ్లను ప్రాసిక్యూషన్ నుంచి తప్పించే సెక్షన్ 64ఎ రక్షణ (ఎ)కీ, వాడకానికి పెట్టే సెక్షన్ 27కీ మాత్రమే. 27ఎ వేరు, అది సరుకు వ్యాపారానికి డబ్బు పెట్టినవాళ్ల మీద. 27 పక్కన ఆ ఒక్క 'ఎ' పొరపాటున చేరినా, బెయిల్‌ను కష్టం చేసే సెక్షన్ 37 అడ్డొస్తుంది.

నలుగురైదుగుర్ని కలిపి పట్టుకుంటే పంచనామాలో ఒకే తూకం రాస్తుంటారు. ఎవరి దగ్గర ఎంత దొరికిందో విడిగా లేకపోతే మొత్తం అందరి నెత్తినా పడే ప్రమాదం ఉంది. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. కొనలు లేకుండా విడిగా దొరికిన ఆకులు, గింజలు లెక్కలోకి రావు. తూకంలో అవి కలిశాయేమో మీ వకీలుతో చూపించండి.

వార్డు_డాక్టర్: చాలా కేసులు దెబ్బతినేది డిశ్చార్జ్ సమ్మరీ దగ్గరే. 64ఎ 'అడిక్ట్'కే వర్తిస్తుంది. అడిక్ట్ అంటే మత్తుమందు మీద ఆధారపడిపోయిన మనిషి అని చట్టమే చెప్తోంది. సమ్మరీలో జబ్బు కోడ్ ఎఫ్12.2 అని ఉంటే గంజాయి మీద ఆధారపడటం. ఎఫ్12.1 అయితే హానికరమైన వాడకం మాత్రమే, దాన్ని పట్టుకుని ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పొచ్చు. మూత్ర పరీక్షలో పాజిటివ్ వస్తే వాడాడని తెలుస్తుంది, ఆధారపడ్డాడని కాదు. కాబట్టి ఎన్నాళ్లుగా వాడుతున్నాడు, మానితే ఏమవుతోంది, మానలేకపోవడం ఎలా కనపడింది అన్నవి కేస్ షీటులో ఉండాలి. ఉన్నది ఉన్నట్టే రాస్తాం. కోర్టు కోసం కోడ్ మార్చమని అడగకండి.

గుంటూరు_మావయ్య: మరి సెంటర్ సంగతి అండీ? ప్రైవేటువాళ్లు నెలకు వేలల్లో అడుగుతున్నారు.

కౌన్సెలర్_ఉత్తరాంధ్ర: డబ్బు కట్టే ముందు ఆగండి. ప్రభుత్వం గానీ స్థానిక సంస్థ గానీ నడిపే, లేదా గుర్తించిన చోట చేసిన వైద్యానికే 64ఎ వర్తిస్తుంది. గుర్తింపు లేని సెంటర్ రశీదులు ఎన్ని చూపినా దండగే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు ఉన్నాయి, కొన్ని ప్రభుత్వాసుపత్రుల్లో వ్యసన చికిత్సా విభాగాలూ ఉన్నాయి. 14446కు ఫోన్ చేస్తే దగ్గర్లో ఏముందో చెప్తారు. ఆ కేంద్రాలు ఎక్కువగా 15 పడకలవే. గ్రాంటు విడత ఆలస్యమైతే కొత్తవాళ్లను చేర్చుకోవడం కష్టమవుతుంది. అందుకే చేర్చుకునే తేదీని కాగితం మీద రాయించుకోండి. వెయిటింగ్‌లో ఉన్నాడన్న ఆ కాగితాన్ని కోర్టుకు చూపొచ్చు.

ఇంకో సంగతి. 64ఎలో 'స్వచ్ఛందంగా' అన్న మాట ఉంది. ఇంట్లోవాళ్లు బలవంతంగా తీసుకొచ్చి పడేస్తే అది నిలవడం కష్టం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 86 కింద కుర్రాడే సంతకం పెట్టి చేరితే అదే రుజువు.

కోర్టుహాలు_3: చికిత్స మధ్యలో మానేస్తే ఈ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. 64ఎ దొరక్క, దోషి అని తేలినా అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో సెక్షన్ 39 ఉంది. బాండు రాయించుకుని చికిత్సకు పంపుతారు, ఏడాది లోపు ఫలితం మీద రిపోర్టు ఇవ్వాలి. అది బాగుంటే మందలించి, మూడేళ్లకు మించకుండా మళ్లీ బాండు మీద వదలొచ్చు. జడ్జిగారు తమంతట తాము 39 తీస్తారని కూర్చోకుండా, శిక్ష మీద వాదనప్పుడే వకీలు పిటిషన్ వేయాలి.

వార్డు_డాక్టర్: హెరాయిన్ కేసులకు ఒక మాట. అక్కడ బుప్రెనార్ఫిన్ అనే మందు నెలల తరబడి ఇస్తాం. 'చికిత్స పూర్తయిందా?' అని కోర్టు అడిగినప్పుడు, మందు కొనసాగించడమే చికిత్స అని డాక్టరు స్పష్టంగా రాసివ్వాలి. లేకపోతే అసంపూర్తి అనుకుంటారు.

రాయలసీమ_వాలంటీర్: మతిస్థిమితం లేక రోడ్డున తిరిగేవాళ్ల సంగతి కూడా చేరుస్తాను. పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 100 ప్రకారం వాళ్లను లాకప్‌లో పెట్టడానికి వీల్లేదు. పోలీసులు 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇల్లూవాకిలీ లేనివాళ్లయితే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ కట్టి, కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషన్‌దే. 'ఆధార్ లేదు' అని ఆసుపత్రి గుమ్మంలోంచే తిప్పి పంపితే ఆ చట్టం పేరు, సెక్షన్ చెప్పి, చేర్చుకోలేమన్న మాట రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

గుంటూరు_మావయ్య: ఎఫ్‌ఐఆర్ చూశానండీ, చివర (ఎ) అనే ఉంది. 14446కు ఇప్పుడే చేస్తున్నా.

కౌన్సెలర్_ఉత్తరాంధ్ర: కుర్రాడినే మాట్లాడనివ్వండి. కేంద్రానికి వెళ్లేటప్పుడు ఎఫ్‌ఐఆర్ నకలు, పాత చీటీలు, గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి.