కమీషన్ తీసుకున్నవాడు పూచీ పడాలా, వద్దా? మాస్టారి కాయిన్ లింకు మీద చర్చ

బ్రాడీపేట_కిరణ్ (చర్చ మొదలుపెట్టినవారు)

నిర్వాహకులు తీసేయకపోతే ఒక ప్రశ్న అడగాలి. కొత్తగా చేరినవాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను.

మాస్టారు అంటే ఎవరో మూడేళ్లుగా ఇక్కడ అందరికీ తెలుసు. రిటైరైన లెక్చరర్. పీఎఫ్ క్లెయిము ఆగినా, ఇంటి లోను వడ్డీ లెక్క తేలకపోయినా, రాత్రి పదకొండింటికి అడిగినా విసుక్కోకుండా జవాబు రాసేవారు. మా నాన్న పెన్షన్ కాగితాలు ఆయన చెప్పినట్టే నింపాను. పైసా తీసుకోలేదు. అలాంటి మనిషి ఫిబ్రవరిలో ఒక కాయిన్ స్కీము లింకు పెట్టారు. మనం యూఎస్‌డీటీ (డాలరు విలువకి ముడిపెట్టిన క్రిప్టో కాయిన్) వేస్తే వాళ్ల బోట్, అంటే తనంతట తానే కొని అమ్మే ప్రోగ్రాము, ట్రేడింగ్ చేసి రోజుకి 0.8 శాతం ఇస్తుందట. "నేను వేసి చూశాను, విత్‌డ్రా కూడా అయింది" అని స్క్రీన్‌షాట్ కూడా జోడించారు. నేను మొదట 30 వేలు వేశాను. తర్వాత మా ఆవిడ గొలుసు మీద లోను తీసుకుని 1,20,000 వేశాను. మధ్యలో 22 వేలు వెనక్కి వచ్చాయి. పోయిన నెల 17 నుంచి విత్‌డ్రా ఆగిపోయింది. యాప్‌లో మాత్రం 3 లక్షల పైచిలుకు కనిపిస్తోంది. అది తీసుకోవాలంటే "వెరిఫికేషన్" కింద 15 శాతం ముందుగా కట్టాలట.

నా ప్రశ్న డబ్బు గురించి కాదు, అది పోయినట్టే. మొన్న తెలిసిందేమిటంటే, మాస్టారు పెట్టింది రిఫరల్ లింకు. ఇక్కడి నుంచే 41 మంది ఆయన కింద చేరారు. మేం వేసిన ప్రతి రూపాయిలో ఆయనకి 8 శాతం. ఆ ముక్క ఆయన ఎక్కడా రాయలేదు. కనీసం ఆ కమీషన్ వరకైనా వెనక్కి ఇవ్వాలా, వద్దా?

ఆటోనగర్_బాషా

డబ్బు గురించి కాదంటూ డబ్బే అడుగుతున్నారు! గొలుసు తాకట్టు పెట్టేటప్పుడు మాస్టారు మీతో బ్యాంకుకి వచ్చారా? లాభం వస్తే ఆయనకి వాటా పంపేవారా? నేను పాత లారీ కొనాలంటే పదిమందిని అడుగుతాను, ఇంజిన్ విప్పించి చూస్తాను. తర్వాత బండి పాడైతే "మంచి బండి" అన్నవాడి కాలర్ పట్టుకోను.

కృష్ణలంక_లక్ష్మి

ఆ బండి అమ్మించినందుకు ఆ చెప్పినవాడికి బ్రోకరేజి ముట్టిందని తర్వాత తెలిస్తే, బాషా గారూ?

ఆటోనగర్_బాషా

వాడి షెడ్డుకెళ్లి నాలుగు మాటలంటాను. అంతే. మా దగ్గర బ్రోకర్ లేకుండా బండి చేతులు మారదు, అది అందరికీ తెలుసు.

మిర్చియార్డ్_వాసు

"అందరికీ తెలుసు" అన్నారు చూడండి, అసలు తగువు అక్కడే ఉంది.

నాది గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు. రైతు మా కొట్టు ముందు మిర్చి టిక్కీలు (బస్తాలు) దించుతాడు. కొన్నవాడు ఎవరో అతనికి తెలియదు. నన్ను చూసి దించాడు. తక్‌పట్టీలో, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలో, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, కాటా కూలి ఎంత అన్నీ రాసి చేతికిస్తాం. మా నాన్న హయాంలో ఒక వ్యాపారి సరుకు ఎత్తుకుని బోర్డు తిప్పేశాడు. మా నాన్న ఎకరం పొలం అమ్మి రైతులకి కట్టాడు. మా అమ్మ నెల్లాళ్లు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే కథ. "మనం కమీషన్ తిన్నాం, వాళ్లేం తిన్నారు?" అనేవాడు.

మాస్టారు కమీషన్ తీసుకోవడం తప్పు అనను. మనకిచ్చిన పట్టీలో అది రాయకపోవడం తప్పంటాను. కిరణ్ తమ్ముడు అడిగింది న్యాయమే.

సత్యనారాయణపురం_మూర్తి

వాసూ, నీ పోలిక కుదరదు. నీకు కొనేవాడి ముఖం తెలుసు, గోడౌను తెలుసు. మాస్టారికి ఆ కంపెనీ ఏ దేశంలో ఉందో కూడా తెలియదు. ఆయనవీ 4 లక్షలు అందులోనే ఇరుక్కున్నాయి. మోసపోయినవాణ్ణి మోసగాడంటే ఎలా?

మన ఊరికి ఇది కొత్తా? అగ్రిగోల్డ్ హెడ్డాఫీసు విజయవాడలోనే ఉండేది. సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు, 6,380 కోట్లు. పెద్దవాళ్లు అందక జనం ఎవరి మీద పడ్డారు? పక్కింటి ఏజెంటు మీద. ఆ ఏజెంట్లలో చాలామంది సొంత డబ్బు, అత్తింటివాళ్ల డబ్బు కూడా అందులోనే పెట్టారు. కొందరు ఊళ్లొదిలి పోయారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 2019లో 10 వేల లోపు వాళ్లకి, 2021లో 20 వేల లోపు వాళ్లకి ప్రభుత్వం చెల్లించింది. పోయిన ఏజెంట్లని ఎవరూ తేలేదు కదా. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషిని ఇలా బోనులో నిలబెట్టేముందు అదొకసారి గుర్తు చేసుకోండి.

కృష్ణలంక_లక్ష్మి

మూర్తి గారు చెప్పింది కాదనను, నాకూ భయంగానే ఉంది. కానీ ఒకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలు రెండు రోజులు డాబా మీదే ఉంది. పాలు, నీళ్లు చేర్చింది మన వేదిక వాళ్లే. ఎవరింట్లో పసిపిల్లలున్నారు, ఎవరింట్లో షుగర్ పేషెంట్లున్నారు అని జాబితా రాసింది మాస్టారే. ఆయన లింకు పెడితే నాకు ఆ జాబితాయే గుర్తొచ్చింది. కంపెనీ పేరు చదవనేలేదు. 40 వేలు వేశాను.

నేను మా వీధిలో 20 మందితో చీటీ నడుపుతాను. ఎవరైనా పాట పాడుకుని ఎగ్గొడితే వాళ్లింటి అరుగు మీద కూర్చుంటాను. ఇక్కడ ఎవరి అరుగు మీద కూర్చోను?

పటమట_సాయి

క్రిప్టో మొత్తాన్ని ఇందులో కలపకండి. బిట్‌కాయిన్ ఎవరికీ రోజుకింత అని మాటివ్వలేదు. ధర పెరుగుతుంది, పడుతుంది, కొన్నవాడి ఖర్మ. రోజువారీ రాబడి అని ఎవడైనా అన్నాడంటే అక్కడితో ఆగిపోవాలి.

వన్‌టౌన్_చందు

సాయి అన్న చెప్పింది కరెక్టే. అయితే పేరున్న ఎక్స్ఛేంజీలో పెట్టినా రిస్కు ఉంటుంది. 2024 జులైలో వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల కాయిన్లు హ్యాకర్లు ఎత్తుకెళ్లారు. కాకపోతే అది దొంగతనం. ఇది మొదటి రోజు నుంచే లెక్క కుదరని వ్యవహారం.

లెక్క నేను వేసి చూపిస్తా. రోజుకి 0.8 శాతం, వచ్చింది మళ్లీ అందులోనే వేస్తే, లక్ష రూపాయలు ఏడాదికి 18 లక్షలు దాటుతాయి. నిజంగా అలాంటి బోట్ ఉన్నవాడు బ్యాంకులో అప్పు తీసుకుని ఒక్కడే ఆడుకుంటాడు, గుంటూరులో మన 30 వేల కోసం ఎందుకు తిరుగుతాడు? బిట్‌కనెక్ట్ కూడా బోట్ కథే చెప్పింది, రోజుకి సుమారు ఒక శాతం అంది, 2018 జనవరిలో మూసేసింది. గెయిన్‌బిట్‌కాయిన్ నెలకి 10 శాతం అంది. మొదట్లో విత్‌డ్రా అన్నింటిలోనూ అవుతుంది. కిరణ్ అన్నకి వచ్చిన 22 వేలు అలా వచ్చినవే. ఆయన తర్వాత చేరినవాడి జేబులోవి.

ఆ 15 శాతం మాత్రం ఎవరూ కట్టకండి. అది కడితే ఇంకో ఫీజు అడుగుతారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వండి. అన్నీ చేతిలో పెట్టుకోండి: ట్రాన్సాక్షన్ ఐడీలు, పీటూపీలో (కాయిన్లు నేరుగా ఇంకో మనిషి దగ్గర కొనేటప్పుడు) ఎవరి ఖాతాకి డబ్బు పంపారో ఆ వివరాలు, చాట్లు. యాప్ డిలీట్ చేయొద్దు.

నిర్వాహకుడు

ఇప్పుడే ఒక కొత్త ఐడీ "నా పోయిన డబ్బు వారంలో రికవరీ చేయించారు, ఈ నంబరుకి వాట్సాప్ చేయండి" అని పెట్టింది. తొలగించాం. పుండు మీద కారం చల్లడానికి వచ్చే రెండో బ్యాచ్ వీళ్లే. ప్రైవేటు మెసేజిలో వచ్చినా నమ్మకండి.

సీఏ_ప్రసూన

చట్టం సంగతి నాలుగు ముక్కల్లో.

"పన్ను వేస్తున్నారు కాబట్టి లీగలే", "సుప్రీంకోర్టు ఓకే చేసింది" అని ఇలాంటి స్కీముల వాళ్లు చెప్తుంటారు. 2020 మార్చి 4న కోర్టు కొట్టేసింది క్రిప్టో వ్యాపారులకి బ్యాంకులు సేవలు ఇవ్వకూడదన్న 2018 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ని. రోజుకింత ఇస్తామనే స్కీములకి అది సర్టిఫికెట్ కాదు. పన్ను కూడా అంతే. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం కట్టాలి, నష్టాన్ని వేరే ఆదాయంలో సర్దుకోవడానికి వీల్లేదు. మీ లక్షన్నర పోయినా పన్నులో ఒక్క రూపాయి తగ్గదు.

మాస్టారు కమీషన్ తిరిగివ్వాలా అన్నదానికి చట్టంలో సూటిగా జవాబు దొరకదు. అనధికార డిపాజిట్ల మీద 2019లో వచ్చిన చట్టం, తెలిసి తెలిసి తప్పుడు మాట చెప్పి చేర్పించినవాణ్ణి శిక్షిస్తుంది. "తెలిసి" అన్న చోటే వాదనంతా. కాయిన్ అసలు డిపాజిట్ కిందకి వస్తుందా అన్నది ఇంకో వాదన. కానీ మనీ సర్క్యులేషన్ స్కీముల మీద 1978 చట్టం ఒకటుంది. గొలుసుకట్టు స్కీము నడపడమే కాదు, అందులో సభ్యుడిగా చేరడం కూడా దాని ప్రకారం నేరమే. మూడేళ్ల దాకా జైలు. అందుకని కేసు, కేసు అనేవాళ్లు ముందు తామెక్కడ నిలబడ్డారో చూసుకోండి.

కిరణ్ గారూ, ఒక ప్రశ్న. మీ కింద ఎవరైనా చేరారా?

మాస్టారు

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా చదువుతూనే ఉన్నాను, రాయడానికి చెయ్యి ఆడలేదు.

స్కీము బోగస్ అని తెలిసి పెట్టలేదు. తెలిస్తే నా రిటైర్మెంటు డబ్బు నాలుగు లక్షలు వేసేవాణ్ణి కాదు. రిఫరల్ లింకు అన్నది నిజం. దాచాలని కాదు, రాయాలని తోచలేదు. కమీషన్ కింద లక్షా అరవై వేలని యాప్‌లో చూపిస్తోంది. అది తెరమీది అంకె, మీ మూడు లక్షలలాంటిదే. నా చేతికి రూపాయి రాలేదు. రానిది ఎలా తిరిగివ్వను?

సత్యనారాయణపురం_మూర్తి

ఇక చాలు కదా. ఇక్కడితో ఆపుదాం.

వన్‌టౌన్_చందు

మాస్టారూ, కోపం తెచ్చుకోకండి. మీరే నాకు ఎస్‌ఐపీ అంటే ఏంటో నేర్పించారు.

ఫిబ్రవరిలో మీరు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో మీ వాలెట్ (కాయిన్ల ఖాతా) అడ్రస్ పూర్తిగా కనిపిస్తోంది. ఆ కాయిన్లు చేతులు మారే ట్రాన్ నెట్‌వర్క్‌లో ఏ అడ్రస్‌కి ఎంత వచ్చిందో, ఎంత పోయిందో ఎవరైనా చూడొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. మార్చి, ఏప్రిల్‌లలో స్కీము నుంచి మీకు మొత్తం 900 యూఎస్‌డీటీ వచ్చింది. వచ్చిన రెండు రోజుల్లోనే బయటికి వెళ్లింది. రూపాయల్లో 75 వేల పైమాటే. అది మీ అసలో, కమీషనో నేను చెప్పలేను. కానీ ఆ స్కీము వాలెట్‌లోకి నాలాంటి వాళ్లు వేసిన చిన్న చిన్న మొత్తాలే తప్ప ట్రేడింగ్ లాభం అన్నది ఎక్కడా కనపడలేదు.

సత్యనారాయణపురం_మూర్తి

ఒకరి ఖాతా తవ్వి నలుగురిలో పెట్టడం ఏం పద్ధతి, చందూ? రేపు నీ ఖాతా ఇంకొకడు తవ్వుతాడు.

వన్‌టౌన్_చందు

అడ్రస్ నేను ఇక్కడ రాయలేదు బాబాయ్. పెట్టింది ఆయనే, ఆ స్క్రీన్‌షాట్ చూసే నేను 15 వేలు వేశాను.

ఆటోనగర్_బాషా

నా మాట మార్చుకుంటున్నా. రూపాయి రాలేదన్నాక వచ్చిందని తేలితే లెక్క వేరు. బ్రోకరేజి తిప్పివ్వాల్సిందే. కిరణ్ గారు మాత్రం ప్రసూన మేడమ్ అడిగినదానికి ఇంకా జవాబివ్వలేదు, నేను చూస్తున్నా.

మాస్టారు

చందు చెప్పింది నిజం. మా ఆవిడ కంటి ఆపరేషన్‌కి తీశాను. నాలుగు లక్షలు వేశాను, అందులోంచి కొంచెం తీసుకుంటున్నాను అనుకున్నాను. ఎవరి డబ్బు అన్న ఆలోచన రాలేదు, రానివ్వలేదేమో కూడా. రూపాయి రాలేదని రాయడం తప్పు. నలభై ఏళ్లు పిల్లల చేత లెక్కలు చేయించినవాణ్ణి.

ఒకేసారి ఇవ్వలేను. పెన్షన్‌లోంచి నెలకింత అని ఇస్తాను. ఎవరికెంత అన్నది మీరే తేల్చండి. 41 మంది పేర్లూ, వేసిన మొత్తాలూ నా దగ్గరున్నంతవరకు జాబితా రాస్తాను.

సత్యనారాయణపురం_మూర్తి

నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆయన పెన్షన్‌లోంచి నాకు రావాల్సింది నాకొద్దు. జాబితాలో నా పేరు కొట్టేయండి.

నిర్వాహకుడు

ఇక నుంచి ఏ లింకు పెట్టినా దానిమీద తమకేమొస్తుందో అదే పోస్టులో రాయాలి. ఇన్సూరెన్స్, డీమ్యాట్ ఖాతా లింకులకి కూడా ఇదే. రాయకపోతే ఎంత పాతవాళ్లయినా పోస్టు తీసేస్తాం. మాస్టారిని తొలగించాలని ముగ్గురు మెసేజి పెట్టారు, తొలగించట్లేదు. పాత పోస్టుల్లో ఆయన చెప్పిన పీఎఫ్ జవాబులు ఇంకా జనానికి పనికొస్తున్నాయి.

మిర్చియార్డ్_వాసు

తెరమీది లక్షా అరవై వేలు ఎవరూ అడగరు మాస్టారూ. చేతికొచ్చిన డెబ్బై అయిదు వేల సంగతే. ఆదివారం యార్డుకి సెలవు, కొట్లో నేనొక్కణ్ణే ఉంటాను. పదింటికి రండి, కూర్చుని ఎవరికెంత అని పట్టీ రాద్దాం. లక్ష్మి అక్కా, మీరూ రండి, చీటీ లెక్కలు రాసే చెయ్యి కావాలి.

కృష్ణలంక_లక్ష్మి

వస్తాను. బస్టాండులో దిగి ఫోన్ చేస్తా.

బ్రాడీపేట_కిరణ్

ప్రసూన గారూ, బాషా గారూ, ముగ్గురున్నారు. మా బావమరిది, ఆఫీసులో ఇద్దరు. మొదటివారంలోనే నాకు 4,100 వచ్చింది, యాప్‌లోంచి తీసేశాను కూడా. ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు అది నాకు గుర్తుంది. బావమరిదికి ఇంకా తెలియదు.

వాసు అన్నా, ఆదివారం పదింటికి నేనూ వస్తున్నాను. ఇంకో పట్టీ కూడా రాయాలి.