మిరాజ్‌లో చోట్ల పేర్లు నోటికి వచ్చేదెలా?

జట్లుగా ఆడే తుపాకుల వీడియో గేమ్ కౌంటర్ స్ట్రైక్ 2 మొదలుపెట్టి నెల అయింది. గురి ఫరవాలేదు గానీ, మిరాజ్ మ్యాప్‌లో చోట్ల పేర్లే సమయానికి నోటికి రావడం లేదు. నిన్న 'A' సైటు (బాంబు పెట్టే రెండు చోట్లలో ఒకటి) కాపలా కాస్తుంటే ప్యాలెస్ నుంచి ఒకడు దూకాడు. కంగారులో "అక్కడ, అక్కడ!" అని అరిచాను. నా జట్టువాళ్లిద్దరూ ర్యాంప్ వైపు తిరిగారు. రౌండు పోయింది.

తెర మీది రాడార్ (చిన్న మ్యాప్) దగ్గర నేనున్న చోటి పేరు కనిపిస్తుంది, నిజమే. కానీ చెప్పాల్సింది శత్రువు ఉన్న చోటు కదా! కనెక్టర్, జంగిల్, విండో మరీ దగ్గరదగ్గరగా ఉండి కలగాపులగం అవుతున్నాయి. మ్యాప్ బొమ్మ పెట్టుకుని బట్టీ పట్టినా ఆటలో దిగగానే అంతా మరిచిపోతున్నాను.

ఖాళీ మ్యాప్‌లో ఒంటరిగా తిరుగుతూ పేర్లు పైకి చెప్పుకోవడం మేలా, ముందు ఒక్క సైటుకే అతుక్కుపోవడం మేలా? మీకెలా పట్టుబడిందో చెప్పండి.